భయపడుతూనే చేసిన ప్రార్థనలు

విశాఖపట్నం పాతనగరంలో మేము ఆరాధనకు వెళ్లే సంఘంలో సాక్ష్యం చెప్పేవాళ్లకు ఏనాడూ కొదవ ఉండేది కాదు. కాపరిగారు అడగడమే ఆలస్యం, పోర్టులో పనిచేసే పెద్దలు, రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే అమ్మలు, పరీక్షలు గట్టెక్కిన పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ముందుకు వెళ్లి, ప్రభువు తమ ఇంట్లో చేసిన మేలును ఎంతో నిబ్బరంగా చెప్పి వచ్చేవారు. 1980ల చివర్లో కాలేజీలో చదువుకుంటున్న నేను మూడో వరుస బెంచీలో కూర్చుని వాళ్లను చూస్తూ, విశ్వాసమంటే ఆ నిబ్బరమే అయి ఉంటుందని, అది నాలో లేదు కనుక నాకు ఉన్నది విశ్వాసమో అలవాటో చెప్పలేనని లోలోపల కుమిలిపోయేదాన్ని. బాప్తిస్మం తీసుకున్నాను, ప్రభువు బల్లలో పాలు పుచ్చుకుంటున్నాను, రోజూ రాత్రి పడుకోబోయే ముందు బైబిలు చదువుకుంటున్నాను. అయినా నలుగురిలో ప్రార్థన చేయమంటే గొంతు పూడుకుపోయేది. ఇంటి ప్రార్థన కూడికల్లో వరుసగా ఒక్కొక్కరూ ప్రార్థిస్తూ వస్తుంటే, నా వంతు ఇంకా ఇద్దరి తర్వాత ఉందనగానే చేతులు చల్లబడిపోయేవి.

ఆ భయానికి ఊరు కారణమని అనలేను. హార్బరు పక్కన ఉన్న మూడు కొండల మీద, ఒకదానిపై వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత గుడి ఉన్న ఊరు మాది. రాస్ అనే ఆయన 1864లో మేరీమాత గుడి ఉన్న కొండ మీద ఇల్లు కట్టుకున్నాడని, ఆ ఇల్లే తర్వాత ప్రార్థనా మందిరమైందని, అందుకే ఆ కొండకు రాస్ హిల్ అనే పేరు వచ్చిందని మా ఇంట్లో పెద్దలు చెప్పేవారు. డిసెంబరు 8న జరిగే కొండగుడి పండుగకు మా వీధిలోని హిందూ కుటుంబాలవాళ్లు కూడా కొవ్వొత్తులు పట్టుకుని మెట్లెక్కేవారు; మేము బాప్టిస్టులమైనప్పటికీ మా అమ్మ వాళ్ల వెంట మమ్మల్ని పంపేది. అలాంటి ఊళ్లో నా భక్తిని చూసి నవ్వేవాళ్లెవరూ నాకు ఎదురుపడలేదు. నాకున్నదల్లా లోపలి భయం. ఇంత సందేహం పెట్టుకున్న నోటితో దేవుని మాట చెప్పడానికి నాకేం అర్హత ఉందన్న బెంగ అది.

మా పెద్దమ్మ పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేసేది. కింగ్ జార్జ్ ఆసుపత్రిని మా ఇళ్లలో ఎవరూ ఆ పేరుతో పిలవరు, అందరికీ అది పెద్దాసుపత్రే. గట్టి గొంతు, వేగంగా నడిచే నడక, దేనికీ తొణకని మనిషి. డ్యూటీ లేని గురువారం సాయంత్రాల్లో స్త్రీల సమాజంవాళ్లను వెంటబెట్టుకుని వార్డులకు వెళ్లేది. రొట్టె, పాలు, బత్తాయిలు ఇచ్చి, కాసేపు కూర్చుని మాట్లాడి, రోగి తానుగా కోరితేనే ఒక వాక్యం చదివి ప్రార్థన చేసేవారు. అడగనివాళ్ల దగ్గర ప్రార్థన ఊసెత్తకూడదని పెద్దమ్మ పెట్టిన నియమం. బత్తాయిల సంచీ మోసే పని నాది. ఆ పని నాకు చాలా ఇష్టంగా ఉండేది, ఎందుకంటే సంచీ మోసేవాళ్లను ఎవరూ ప్రార్థన చేయమనరు.

ఒక సంవత్సరం గుడ్ ఫ్రైడేకి, ఏడు మాటల్లో నాలుగో మాట యౌవనస్థుల వంతుకు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సాగే ఆ ఆరాధనలో, సిలువ మీద ప్రభువు పలికిన ఒక్కో మాటను సంఘంలో ఒక్కొక్కరు ధ్యానించి చెప్పడం మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఉన్న ఆనవాయితీ. కాపరిగారు నన్నడగకుండానే నా పేరు రాసేశారు. నాలుగో మాట ఏదో అందరికీ తెలుసు: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి". సందేహాలతో సతమతమవుతున్న నాకు సరిగ్గా ఆ మాటే రావడం చూసి భయం రెట్టింపైంది. ఆ సాయంత్రమే పెద్దమ్మ ఇంటికి వెళ్లి, నా పేరు తీయించమని బతిమాలాను.

ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూ విన్నది. "భయంగా ఉందేటే?" అని అడిగింది. ఉందన్నాను. "ఉండనీ. అది పోయాక చెప్తానంటే ఈ జన్మలో చెప్పలేవు. దాన్ని కూడా వెంటబెట్టుకునే వెళ్లు" అన్నది. ఆ తర్వాత 22వ కీర్తన తీసి, మొదటి వచనం నుంచి చివరి వచనం దాకా గట్టిగా చదవమన్నది. ప్రభువు సిలువ మీద పలికిన మాట ఆ కీర్తనకు మొదటి వచనమని నాకు అంతకుముందు తెలియదని కాదు, అయితే మొత్తం ఒక్క బిగిన ఎప్పుడూ చదవలేదు. దేవుడు తనను విడిచిపెట్టాడని మొరపెట్టే నోరే, అదే కీర్తనలో కొంత దూరం వెళ్లాక సమాజం మధ్య నిలబడి ఆయనను స్తుతిస్తానంటుంది. మధ్యలో భయం తీరిపోయిందని ఎక్కడా స్పష్టంగా రాసి లేదు. చదవడం పూర్తయ్యాక పెద్దమ్మ గెత్సేమనే తోటను కూడా గుర్తుచేసింది. సిలువకు ముందు రాత్రి ప్రభువు అక్కడ కలవరపడ్డాడని, ఆ శ్రమల గిన్నె తన నుంచి తొలగించమని మళ్లీ మళ్లీ వేడుకున్నాడని సువార్తల్లోనే ఉండగా, భయపడటమే పాపమని నీకెవరు చెప్పారని అడిగింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. సముద్రం గాలి కూడా ఆగిపోయిన ఉక్కపోత. తెల్లచీరలు కట్టుకున్న ఆడవాళ్లతో బెంచీలన్నీ నిండిపోయి, ఖాళీ లేక మగవాళ్లు వరండాలో నిలబడ్డారు. నేను రాసుకున్న కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకోవడంవల్ల చెమటకు తడిసి, మడతల దగ్గర సిరా పాకిపోయింది. మైకు ముందు దాన్ని విప్పితే మూడో పేరా అసలు కనబడలేదు. కాగితం పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే ఆ చప్పుడు మైకులోంచి నాకే వినిపించింది. అప్పుడు కాగితాన్ని పల్పిట్ మీద పెట్టేసి, గెత్సేమనే గురించి, ఆ కీర్తన గురించి గుర్తున్నంత మేరకు చెప్పాను. గొంతులో వణుకు చివరి మాట దాకా తగ్గలేదు. నేను దిగి వచ్చి కూర్చోగానే ఐదో మాట చెప్పవలసిన పెద్దాయన లేచి వెళ్లారు, ఆరాధన సాగిపోయింది. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ తప్పు పట్టలేదు. నాలో అద్భుతమేదీ జరగలేదు. మరుసటి వారం ఇంటి కూడికలో చేతులు మునుపటిలాగే చల్లబడ్డాయి. కాకపోతే చల్లబడిన చేతులతో కూడా ప్రార్థన చేయవచ్చునని ఆ రోజు తెలిసింది.

అప్పటి నుంచి నేను బైబిలు చదివే తీరు మారింది. దావీదు, దానియేలు వంటి ధీరుల దగ్గర ఆగకుండా, పిరికివాళ్లను వెతుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. వాళ్లందరిలో నాకు గిద్యోను అంటే ఎనలేని అభిమానం. దేవుని దూత వచ్చేసరికి అతడు శత్రువులైన మిద్యానీయుల కంట పడకుండా గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటున్నాడు. అలాంటివాణ్ణి దూత "పరాక్రమముగల బలాఢ్యుడా" అని పిలిచాడు. బయలు అనే అన్యదేవత బలిపీఠాన్ని పడగొట్టమని దేవుడు చెప్పినప్పుడు, ఇంటివాళ్లకూ ఊరివాళ్లకూ భయపడి పగటిపూట చేయలేక, రాత్రివేళ ఆ పని చేశాడని న్యాయాధిపతుల గ్రంథం దాచకుండా రాసింది. ఈ వచనం మీద ప్రసంగం నేను చాలా అరుదుగా విన్నాను. రాత్రి చేశాడు, భయపడి చేశాడు, కానీ తెల్లవారేసరికి బలిపీఠం కూలిపోయి ఉంది కదా!

అయితే నాకు మింగుడుపడని వచనం కూడా ఆ కథలోనే ఉంది. యుద్ధానికి ముందు, భయపడి వణికేవాళ్లు తిరిగి వెళ్లిపోవచ్చునని ప్రకటిస్తే 22,000 మంది వెళ్లిపోయారు. ఆ సంఖ్య చదివినప్పుడల్లా నేను వాళ్లలో ఉండేదాన్నని అనిపించి మనసు చిన్నబోయేది. కొంతకాలానికి అదే అధ్యాయంలో కాస్త కింద ఉన్న మాట మీద నా దృష్టి పడింది. దండు మీదికి వెళ్లమని చెబుతూనే, వెళ్లడానికి భయమైతే నీ పనివాడైన పూరాను తోడు తీసుకువెళ్లమని దేవుడు గిద్యోనుతో అన్నాడు. గిద్యోను పూరాను తీసుకునే వెళ్లాడు! అంటే వేల మంది భయస్థులు వెళ్లిపోయాక మిగిలిన సైన్యానికి నాయకుడు కూడా భయస్థుడే. అతణ్ణి దేవుడు ఇంటికి పంపలేదు, మందలించలేదు, ఒక తోడు చూపించాడు. పూరా గురించి బైబిలులో ఇంకేమీ లేదు. భయపడే మనిషి పక్కన నడవడం తప్ప అతడు చేసిన ఘనకార్యం ఏదీ రాసి లేదు. నా జీవితంలో మా పెద్దమ్మ స్థానమేమిటో నాకు ఈ వచనం దగ్గరే అర్థమైంది.

అరిమతయియ యోసేపును గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. యూదులకు భయపడి రహస్యంగా శిష్యుడై ఉన్నాడని యోహాను రాశాడు. ప్రభువు దేహాన్ని అడగడానికి తెగించి రోమా అధిపతి పిలాతు దగ్గరికి వెళ్లాడని మార్కు రాశాడు. పన్నెండుమందిలో అంత ధైర్యంగా మాట్లాడిన పేతురు బొంకి వెళ్లిపోయిన ఆ రోజున, సమాధి పని చేసింది ఈ రహస్య శిష్యుడూ, మొదట్లో రాత్రివేళ ప్రభువు దగ్గరికి వచ్చిన నీకొదేమూ. గుడ్ ఫ్రైడే ఆరాధనలో ఏడో మాట తర్వాత వీళ్లిద్దరి గురించి కూడా ఎవరైనా మాట్లాడితే బాగుండునని నాకు ఎప్పటికప్పుడు అనిపిస్తుంది.

1990లలో ద్వారకానగర్‌లో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం అందరం కలిసి క్యారేజీలు విప్పుకునేవాళ్లం. తినేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోవడం మా ఇంట్లో పసితనం నుంచి అలవాటు. అక్కడ మాత్రం మూత తీస్తూ, కళ్లు తెరిచే, పెదవి కదలకుండా కృతజ్ఞతలు చెప్పుకునేదాన్ని. అయినా నా పక్కన కూర్చునే అక్క గమనించింది. ఆవిడ సింహాద్రి అప్పన్న భక్తురాలు, చందనోత్సవానికి ఏటా కొండకు వెళ్లి తీరే మనిషి. వాళ్ల బాబుకు టైఫాయిడ్ ముదిరి పెద్దాసుపత్రిలో చేర్పించినప్పుడు ఫోను చేసి, "అప్పన్నకు మొక్కుకున్నాను. నువ్వు కూడా వచ్చి మీ దేవుడికి ఒక మాట చెప్పమ్మా" అని అడిగింది.

పెద్దమ్మ లేకుండా ఆ వార్డుకు వెళ్లడం అదే మొదలు. బాబు కళ్లు లోపలికి పోయి, పెదవులు పొలుసులు లేచి ఉన్నాయి. సెలైను పెట్టిన చెయ్యి కదిలించకుండా వాళ్ల అమ్మ తన అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. నేను మోకరించాను గానీ మాట రాలేదు. ప్రార్థన చేశాక ఈ పిల్లవాడికి ఏదైనా అయితే, ఈ అక్క ముఖం ఎలా చూడను, నా ప్రభువు మాట ఏం కాను అని బెదిరిపోయాను. మార్కు సువార్తలో జబ్బుపడిన కొడుకును తీసుకొచ్చిన తండ్రి అన్న మాటే అప్పుడు నోటికి వచ్చింది: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము". దాని తర్వాత బాబు పేరు చెప్పి, స్వస్థపరచమని అడిగి, ఆమెన్ అన్నాను. అంతకంటే ప్రార్థన సాగలేదు. ఆ తండ్రి విశ్వాసం చాలదని ప్రభువు వెనక్కి పంపలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. ఆ ధైర్యంతోనే అడిగాను. బాబు కోలుకున్నాడు. డాక్టర్ల వైద్యాన్ని, తల్లి మొక్కును, తడబడిన నా ప్రార్థనను వేరుచేసి లెక్క గట్టే పని నేను పెట్టుకోలేదు, దేవునికి స్తోత్రం చెప్పాను.

ఆ తర్వాత ఎక్కువ కాలం గడవకముందే, మా సంఘంలోనే ఒక చెల్లెలు మూత్రపిండాల జబ్బుతో మంచాన పడింది. ఉపవాసముండి ప్రార్థించాం, ఆమె బతకలేదు. ఇద్దరు పసిపిల్లలు. చాలా కాలం నా మనసు విరిగిపోయి, గురువారాలు వార్డులకు వెళ్లబుద్ధి కాలేదు. పెద్దమ్మను ఎందుకిలా జరిగిందని అడిగితే, తనకు తెలియదన్నది. వాక్యాలు ఎత్తి చూపలేదు, నా నోరు మూయించలేదు. ఆదరణ కూడికకు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లి, ఆ పిల్లలకు అన్నం కలిపి పెట్టమని కంచం నా చేతికిచ్చింది. నాకు ఇప్పటికీ ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. ప్రశ్నను అలాగే మోసుకుంటూ మళ్లీ వార్డులకు వెళ్లడం మొదలుపెట్టాను.

2005లో, మా ఊరికి లండన్ మిషన్ అనే మిషనరీ సంస్థవాళ్లు వచ్చి రెండు వందల సంవత్సరాలు నిండాయి. యౌవనస్థులకు ఆ చరిత్ర చెప్పే పని నాకు అప్పగించారు. జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నంలో దిగి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సహాయంతో సువార్తలను తెలుగులోకి అనువదించడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. వారి అనువాదం 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూరులో అచ్చయింది. అచ్చయిన పుస్తకాన్ని ఇద్దరిలో ఎవరూ చూడలేదు. పిల్లలకు ఈ తేదీలు చెబుతుంటే నాకు గొంతు బరువెక్కింది. కొత్త ఊరు, కొత్త భాష, స్నేహితుణ్ణి మట్టిచేసి వచ్చాక మర్నాడు మళ్లీ అదే బల్ల దగ్గర కూర్చుని మిగిలిన అధ్యాయం మొదలుపెట్టడం ఎంత కష్టమై ఉంటుందో ఊహించుకోమని చెప్పాను. మార్కు సువార్తలో నా నోటికి వచ్చిన ఆ తండ్రి మాటను మన తెలుగులో పలికించడానికి పాటుపడినవాళ్లు అలాంటివాళ్లని తలుచుకుంటే, ఆ మాట మీద నాకు ప్రేమ ఇంకా పెరిగింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీద తీరం దాటిన రోజు. ఆరాధన జరగలేదు. అప్పటికి రిటైరై మా ఇంట్లోనే ఉంటున్న పెద్దమ్మ, నేను, పిల్లలు లోపలి గదిలో చేరి తలుపు గడియపెట్టుకున్నాం. ముందు గది కిటికీ అద్దాలు పగిలి లోపలికి కొట్టుకొస్తున్నాయి, సందులో చెట్లు విరిగిపడుతున్న చప్పుడు ఆగడంలేదు. పెద్దమ్మ ప్రార్థన చేస్తుంటే ఆ గొంతు వణకడం మొదటిసారి విన్నాను. ప్రార్థన ముగిశాక, నాకు భయంగా ఉందే అన్నది. నువ్వు కూడా భయపడతావా అని అడిగాను.

అప్పుడు 1971 సంగతి చెప్పింది. యుద్ధం మొదలై ఊరంతా దీపాలు ఆర్పేసిన రోజులు. తాను అప్పుడే నర్సు పనిలో కుదురుకుంటున్న పిల్ల. డిసెంబరు 3 రాత్రి తెల్లవారితే 4 అనగా, సముద్రం వైపు నుంచి పెద్ద శబ్దం వచ్చి కిటికీలు అదిరాయట. అది మన రేవు బయట పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిన శబ్దమని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం ఊరి మీద బాంబులు పడుతున్నాయనే అందరూ అనుకున్నారు. రోగులు మంచాల మీద లేచి కూర్చున్నారు. పారిపోవాలన్నంత భయం వేసినా, కాళ్లు వణుకుతుంటే మంచం కమ్మీలు పట్టుకుంటూ ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, దుప్పటి సర్ది, నేనిక్కడే ఉన్నాను పడుకోండి అని చెప్పానన్నది. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ రాత్రి డ్యూటీకి వార్డు గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆగి, ప్రభువా నాకు భయంగా ఉంది, నువ్వు కూడా రా అని చెప్పుకుని లోపలికి వెళ్లేదట. తొణకని మనిషని నేను అనుకున్న ఆవిడ, అన్నేళ్లూ ఆ గుమ్మం దగ్గర ఆగుతూనే ఉన్నదన్నమాట.

తుఫాను తర్వాత రోజులకొద్దీ కరెంటు లేదు, నీళ్లు లేవు. సంఘంవాళ్లం నీళ్ల డబ్బాలు, పులిహోర పొట్లాలు సందుసందుకూ మోశాం. పెద్దమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఇంకా ఎవరి ఇంటికి వెళ్లలేదో లెక్క చూసి పంపేది. ఆవిడ ఇప్పుడు ప్రభువు దగ్గర ఉంది.

ఈమధ్య మా సంఘంలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయికి సండేస్కూల్లో చిన్న తరగతి అప్పగించారు. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, నాకే బోలెడు సందేహాలున్నాయి, పిల్లలకు నేనేం చెప్పను?" అని అడిగింది. తన సందేహాలేమిటో చెప్పమన్నాను. చెప్పింది, వాటిలో కొన్ని నావి కూడా. తెలిసినవాటికి జవాబు చెప్పాను, తెలియనివాటికి తెలియదన్నాను. ఈ ఆదివారం పాఠం గిద్యోను. రాత్రివేళ బలిపీఠం పడగొట్టిన వచనాన్ని, పూరాను తోడు తీసుకువెళ్లిన వచనాన్ని వదిలిపెట్టవద్దని చెప్పి, రెండింటికీ గుర్తులు పెట్టి ఇచ్చాను. మధ్యలో మరిచిపోతే ఏం చేయాలని అడిగితే, బైబిలు తెరిచి చదివేయమన్నాను, పిల్లలు ఏమీ అనుకోరు. హాజరుపట్టీ రాయడానికి ఆ తరగతిలో మనిషి కావాలట. ఆ పని నేను చేస్తానని సూపరింటెండెంటుగారికి చెప్పాను.